తడవని కాళ్ళు

నాంపల్లి,
మార్చి 1944

ప్రియమైన తమ్ముడు శ్రీపతికి,

మీ అక్క శశికళ దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మాత్రం పోస్టుమాన్ కోసం రోజూ గుమ్మంలోనే కూర్చుంటోంది.

నిన్న ఆబిడ్స్‌లో సిపాయిల కుటుంబాల సభ జరిగింది. నీ మీద రాసిన పద్యం చదివాను.

తెల్ల గుర్రమెక్కి తీరుగా తమ్ముడు
వెళ్ళె శత్రుసేన వెన్ను వంచ...

చప్పట్లు ఆగలేదురా. బడిపిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించే పంతులమ్మను పట్టుకుని కవయిత్రి అన్నారు. పొద్దుటి నుంచి నేల మీద నడవడం లేదు. పద్యమంతా రాసి ఇందులో పెట్టాను. మీవాళ్ళకు వినిపించు.

నీ మేలు కోరే
అక్క


యుద్ధరంగం,
జూన్ 1944

ప్రియమైన అక్కకు,

నమస్కారాలు. ఊరి పేరు రాయనివ్వరు. వాన తెరిపివ్వని ఊరు అనుకో.

నీ పద్యం చదివితే మావాళ్ళు పడీ పడీ నవ్వారు. గుర్రమెక్కడిదక్కా? నాకిచ్చింది కంచరగాడిదను. మన స్టేషన్ ముందు పూలమ్మే జయమ్మ కొడుకు మొగులయ్య నా గుడారంలోనే ఉంటాడు. వాడొక్కడే "జర మల్ల సదువు అన్నా" అన్నాడు. నీ పద్యంలో ఎవరి కాళ్ళూ తడవవేమని నా అనుమానం. నేనూ ఒకటి రాశాను.

గాడిద జారింది, రొట్టెలు బురదలో పడ్డాయి.
రొట్టెలు తిన్నాం, గాడిదను పూడ్చాం.
నెల దాటింది, కాళ్ళు ఆరలేదు.

ధైర్యముంటే ఆబిడ్స్‌లో ఇది చదువు. అమ్మకు మాత్రం వినిపించకు.

నీ గాడిదల తమ్ముడు
శ్రీపతి


నాంపల్లి,
ఆగస్టు 1944

ప్రియమైన శ్రీపతీ,

చదివాను. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ లేచాక జయమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మా పోరని కాళ్ళు గూడ గట్లనే తడుస్తున్నయా బిడ్డా?" అని అడిగింది.

నువ్వు కళ్ళారా చూస్తున్నవాడివి. నేను గుమ్మం దాటకుండా గుర్రాలు తోలాను. సిగ్గేసి, ఇంటికి రాగానే నా పద్యాన్ని పొయ్యిలో పెట్టాను. ఇక రాయను.

కాళ్ళకు ఆముదం రాసుకోరా, దొరికితే. నా మాట విను.

నీ కోసం ఎదురుచూసే
అక్క


దవాఖాన,
అక్టోబరు 1944

ప్రియమైన అక్కకు,

నాకు జ్వరం తగ్గింది, ఫికర్ చెయ్యకు. మొగులయ్య లేడక్కా.

బాంబు పడి వాడి రెండు కాళ్ళూ పోయాయి. నా పక్క మంచం మీదే పడుకోబెట్టారు. ధైర్యం చెబుదామని నోరు తెరిస్తే, "పద్యం సదువు అన్నా" అన్నాడు. నాది మొదలుపెట్టాను. "గది వద్దు, నాకు ఎర్కే గదా. అక్క గుర్రం పద్యం సదువు" అన్నాడు.

నీ కాగితం వానకు ఎప్పుడో నానిపోయింది. గుర్తున్న రెండు పాదాలే మళ్ళీ మళ్ళీ చదివాను. తమ్ముడు అన్నచోట తన పేరు పెట్టమన్నాడు. పెట్టాను. తెల్ల గుర్రమెక్కి తీరుగా మొగులయ్య. గణం కూడా తప్పలేదక్కా. వింటూ వింటూనే పోయాడు.

నేను రాసింది అబద్ధం కాదు. కానీ ఆ వేళ అది వాడికి పనికిరాలేదు. నిన్ను చూసి నవ్వినందుకు బాధగా ఉంది.

ఆ పద్యం మళ్ళీ రాయి. జయమ్మకు తంతి ఈపాటికి అంది ఉంటుంది. వెళ్ళి పక్కన కూర్చో, వాడి పేరు పెట్టి చదువు. కాళ్ళ సంగతి మళ్ళీ అడుగుతుంది. తడవలేదని చెప్పు. గుర్రం మీద వెళ్ళాడని చెప్పు.

నీ తమ్ముడు
శ్రీపతి