వీపు వెనక మరక

బాబాయ్‌కి,

ఫోన్ చేస్తే మీరు "పర్లేదులే తల్లీ" అనేస్తారని ఉత్తరం రాస్తున్నాను.

నేను కంప్యూటర్‌లో బాగు చేసి పంపిన మీ పసినాటి ఫొటోను దయచేసి గోడ మీంచి తీసేయండి.

నిన్న అత్తయ్య దాన్ని నా ఫోన్‌లో చూసి, "ఏమే, నడుము నిలవని పిల్లాడు కుర్చీలో కలెక్టరులా ఎలా కూర్చున్నాడే? వీడి వీపు వెనక మా అమ్మ చెయ్యేది?" అంది.

మీరు పడిపోకుండా నానమ్మ కుర్చీ వెనక నల్లగుడ్డ కప్పుకుని కూర్చుని, చెయ్యి మాత్రం చాచి పట్టుకుందట. మీకు ఊహ తెలియకముందే పోయిన ఆవిడకు వేరే ఫొటో లేదు. ఆ చేతినే నేను బూజు మరక అనుకుని, ఎంతో శ్రద్ధగా చెరిపేశాను.

అసలు ఫొటో అద్దానికి అంటుకుపోయి, ఊడదీస్తుంటే పొరలుగా చిరిగిపోయింది. అంతకుముందు అద్దం మీంచి చేసిన స్కాన్ ఒక్కటే మిగిలింది. అందులో చెయ్యి మసకగా ఉంది. కంప్యూటర్ చేత వేళ్లు గీయించి చూశాను. అందంగానే వచ్చాయి, కాని అవి ఎవరి వేళ్లో.

నానమ్మ వేళ్లు ఎలా ఉండేవని అత్తయ్యను అడిగాను.

"పట్టుకుంటే తెలిసేది. చూసి ఎవరు గుర్తుపెట్టుకున్నారే?" అంది.

అందుకని ఆ మసకను ముట్టుకోకుండా మరో ప్రింటు తీసి పంపుతున్నాను. చూసినవాళ్లు మరక అంటారు. అననివ్వండి బాబాయ్.

మీ అన్నయ్య కూతురు