కుడి కొస చెయ్యి

షెడ్డు నుంచి,
ఆదివారం మధ్యాహ్నం, తొలి వానకు ముందు.

అత్తయ్యగారికి మీ కోడలు నమస్కరించి రాయునది.

ఇక్కడ నేను క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను. అక్కడ మీరూ, మీ తమ్ముడుగారూ, ఆయన మోకాళ్లూ క్షేమమని తలుస్తాను. నేను మళ్లీ పెళ్లికి ఒప్పుకునేదాకా ఈ గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని వెళ్లారు కదా, గడప బాగానే ఉంది. మీరు తొక్కక దుమ్ము పట్టింది, అంతే. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. ఆ లెక్కన నేనిప్పుడు పరమ ఉత్తమురాలిని. చూసి మెచ్చుకునేవాళ్లే లేరు. సాయంత్రాలు రేడియోలో వాతావరణం చెప్పే ఆవిడతో వాదన పెట్టుకుంటున్నాను. పాపం, మీలా ఎదురు చెప్పదు.

అసలు కబురు, విత్తనాలు వేసే మన డ్రిల్లు మరమ్మతు మొదలుపెట్టాను. పోయిన ఏడు విత్తనాలప్పుడు కాలువ పక్క పొలంలో మన కుడి కొస సాలు తాగినవాడిలా పక్క సాలు మీదికి ఒరిగింది, గుర్తుందిగా. దున్నని నేల గట్టిది. సాలు కోసే డిస్కును అటూ ఇటూ తోస్తుంది. డిస్కును మోసే చెయ్యి కీలులో పిన్నూ, దాని చుట్టూ ఉండే బుష్షూ అరిగిపోయి ఉంటే ఇక దాన్ని ఆపేదేముంది? ఈసారి కూడా వంకర పోతే వేరే డ్రిల్లును పిలుచుకుంటానని ఆ పొలం రైతు మొహం మీదే చెప్పేశాడు. అతని వెనకే మిగతా వాళ్లూ పోతారు. మీ అబ్బాయి పోయాక మనిద్దరం కిందా మీదా పడి నిలబెట్టుకున్న పని ఇది.

ఎడమ కొస నుంచి పట్టుకున్నాను. జాకీని నమ్మి కింద దూరేవాళ్లకు బుద్ధుండదని మీరు తిట్టే తిట్టు చెవిలో మోగుతూనే ఉంది, అందుకే చెక్క దిమ్మలు పెట్టాకే దూరాను. మీరుంటే డిస్కు పట్టుకుని ఊపేవారు. నేను వెల్లకిలా పడుకుని, కీలు మీద వేలు పెట్టి, టక్కుమందో లేదో చెప్పేదాన్ని. ఒక్కదాన్నే అయ్యేసరికి కాలితో డిస్కును తోస్తూ చేత్తో కీలు పట్టుకున్నాను. ఎవరైనా చూసి ఉంటే దయ్యం పట్టిందనుకునేవాళ్లు. లూజుంది అత్తయ్యా అని గట్టిగా అరిచాను కూడా. అలవాటు. అరిచాక గానీ ఎవరూ లేరని తట్టలేదు. కాసేపు మెషిన్ కిందే పడుకున్నాను. ఏడ్చానని రాయను, గ్రీజు చెయ్యి కళ్లకు తగిలింది.

కొత్త బుష్షులు మీ పద్ధతిలోనే గుడ్డలో చుట్టి ఫ్రిజ్ పై అరలో పెట్టాను. చల్లబడి రవ్వంత ముడుచుకుంటే రంధ్రంలోకి సులువుగా పోతాయి. సుత్తితో బాదితే అంచు మడతపడుతుంది కాబట్టి పొడుగు బోల్టు దూర్చి, నట్టు తిప్పుతూ మెల్లగా లోపలికి లాగాను. పాలగిన్నె పక్కన ఇనుప ముక్కలేమిటని మీతో ఎంత పోట్లాడేదాన్ని! ఇప్పుడు చోటుకు కొదవ లేదు. ఒక్కదానికి వండుకోబుద్ధి కాదు. ఫ్రిజ్ తీస్తే బుష్షులే కనిపిస్తున్నాయి.

అన్నట్టు, సంబంధమని మీరు పంపిన వెల్డరుగారు వచ్చి వెళ్లారు. నెమ్మదస్తుడే, మీ ఎంపికకు వంక పెట్టను. షెడ్డులోకి చెప్పులు విప్పి రాబోతుంటే, ఇది ఇల్లు కాదండీ, కాళ్లలో మేకులు దిగుతాయి వేసుకోండి అన్నాను. వచ్చిన మనిషిని ఊరికే కూర్చోబెట్టడమెందుకని డిస్కు ఊపమన్నాను. చెట్టు పెకిలించినట్టు ఊపారు. అలా ఊపితే కొత్త కీలు కూడా టక్కుమంటుంది. పిన్నులు మారిస్తే చాలదా, బుష్షులు ఇంకా నడుస్తాయి కదా అని సలహా కూడా ఇచ్చారు. కొత్త పిన్ను పాత బుష్షులో పెడితే రెండూ చెడతాయని మా అత్తయ్య చెబుతుందండీ అన్నాను. ఆయన టీ గ్లాసు ముట్టకుండా పక్కన పెట్టారు. ఆలోచించి చెబుతానని పంపించాను.

మొత్తానికి చేతులన్నీ పూర్తయ్యాయి. ఏ కీలూ చప్పుడు చేయడం లేదు. నాకు ఎవరి సాయమూ అక్కర్లేదని తేలిపోయింది కాబట్టి మీరు నిశ్చింతగా ఉండండి. మందులు వేళకు వేసుకోండి. కంటి చుక్కలు మాత్రం మీ తమ్ముడుగారి చేత వేయించుకోండి. మీ అంతట మీరు వేసుకుంటే అన్నీ చెంపల మీదికే పోతాయి.

ఇట్లు,
ఊరికే ఉత్తమురాలైపోయిన
మీ కోడలు

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. చేతులన్నీ పూర్తయ్యాయన్నది అబద్ధం. కుడి కొసది ముట్టుకోలేదు. ఆసుపత్రికి వెళ్లే ముందు మీ అబ్బాయి చివరగా బిగించింది అదే కదా. వేలికి మిగిలిన గ్రీజు పక్కన ఫ్రేముకు తుడిచారు. ఆ బొటనవేలి ముద్ర దుమ్ము పట్టి ఇంకా అలాగే ఉంది. పిన్ను కొడితే అది చెరిగిపోతుంది. సుత్తి తీసుకుని రెండుసార్లు వెళ్లి, రెండుసార్లూ తిరిగొచ్చేశాను. పోయిన ఏడు మీరూ ఆ చేతిని ఊపకుండానే దాటిపోయారు. నేనూ ఎందుకని అడగలేదు. ఆ సాలు వంకర పోయింది మనిద్దరి వల్లే అత్తయ్యా.

వెల్డరుగారికి ఆలోచించి చెబుతానన్నదీ అబద్ధమే, ఆ రోజే వద్దని చెప్పేశాను. హమ్మయ్య అనుకున్నారు కాబోలు, అప్పుడు గానీ టీ తాగలేదు. నాకు పెళ్లి వద్దు. మీరు కావాలి. మీరు లేకపోతే ఈ ఇంట్లో నాకు ఊపిరాడటం లేదు.

మీ ఒట్టు తీసి గట్టున పెట్టమనను. ఇంటి గడప తొక్కకండి. షెడ్డుకు గడప లేదు, ఇప్పుడే లేచి చూశాను. మీ మడతమంచం ఇక్కడే వేసి ఉంచాను. వానలు పడేలోగా వచ్చి ఆ కుడి కొసది మీరు ఊపండి. నేను కింద ఉంటాను.