కాగితం మీద ముందే పెట్టిన టిక్కులు

అమ్మాయీ, నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు. నిన్న మానసిక ఆస్పత్రిలో మీ తమ్ముడు నర్సుని తోశాడట. డాక్టరు రాసిచ్చాడని, పదింటికి వేరే గదిలో మంచానికి పట్టీలేసి కట్టారు. రెండు గంటలేనన్నారు. పావుగంటకోసారి వాణ్ణి చూసి తలుపు మీది కాగితంలో టిక్కు పెట్టాలట. పదకొండుకి నేను చూస్తే పన్నెండు దాకా టిక్కులు పెట్టేసున్నాయి! అడిగితే నర్సు, "మామ్మగారూ, మీకు ఇంగ్లీషు రాదుగా" అని నవ్వింది. "అంకెలొచ్చు తల్లీ, గడియారమూ చూస్తాను" అన్నాను. పరుగెత్తి కట్లు విప్పింది. వాడి మణికట్లు కమిలిపోయాయే.

అప్పట్నించీ నాకు అడక్కుండానే టీ తెస్తోంది. ఎందుకీ మర్యాద? ఇవాళ తెలిసింది. అంతా సవ్యంగా జరిగిందని సంతకం పెట్టమంది. కళ్లజోడు కనబడ్డం లేదని బొంకాను, అది నా నెత్తి మీదే ఉంది.

చంటిదానికి దగ్గు తగ్గిందా? పడుకునే ముందు గ్యాసు కట్టెయ్యి. ఈ కార్డు అందగానే బయల్దేరు, పెద్ద డాక్టరుకి మీ తమ్ముడి చేతులు చూపించాలి. మంటగా ఉంది, మందు రాయమని వాడు చేతులు చాపుతున్నాడు. నువ్వు చూసేదాకా మచ్చలు మాయకూడదని రాయకుండా కూచున్నాను. తొందరగా రా తల్లీ. అల్లుడిగారినీ పిల్లల్నీ అడిగానని చెప్పు. చల్లగా ఉండండి.

మీ అమ్మ