మొదటి నరం

జూన్ 4

న్యూరాలజీ పోస్టింగ్ మొదలైంది. ప్రొఫెసర్ మా నాన్నే. నా ఖర్మ. స్టూడెంట్లు ఆయనకు పెట్టిన పేరు సుత్తి. రిఫ్లెక్సులు చూసే సుత్తి చేతిలో ఒకటి, నోట్లో ఇంకొకటి.

ఇవాళ మా బ్యాచ్ టాపర్‌గాడు కేస్ చెబుతూ అందరం చేసే వెధవ పనే చేశాడు. మొదటి క్రేనియల్ నరం, అదే వాసనకు సంబంధించింది, చూడకుండానే నార్మల్ అనేశాడు. అయిపోయాడురా అనుకున్నాను. నాన్న నవ్వి, భుజం తట్టి, పోనీలేరా అన్నాడు.

జూన్ 9

అమ్మ వెలిగిపోతోంది. పెళ్లయ్యాక మొదటిసారి నాన్న కూర బాగుందన్నాడట! ఆయనేమో ఇల్లంతా తిరుగుతూ పాటలు. చచ్చు జోకులు వేసి తనే పగలబడి నవ్వడం. వినేవాళ్లకు పిచ్చెక్కుతుంది. అమ్మకు మాత్రం చెవుల్లో తేనె పోసినట్టుంది. ఒక్క మంచి మాటకే ఇంత పొంగిపోతారా ఎవరైనా? చూస్తుంటే ఒళ్లు మండిపోతోంది.

జూన్ 10

నన్ను బంగారం అని పిలిచాడు. అసహ్యమేసింది.

జూన్ 15

పాలు మాడి వీధి దాకా కంపు. నాన్న స్టవ్ పక్కనే కూర్చుని పేపర్ చదువుకుంటున్నాడు. వాసన రావట్లేదా అంటే, ఏం వాసన అన్నాడు.

కళ్లు మూసుకోమన్నాను. ఒక్కో ముక్కు రంధ్రం దగ్గర కాఫీ పొడి పెట్టాను, తర్వాత సబ్బు. ఏమీ తెలియలేదట. పైగా నవ్వు. ఈ పరీక్ష సరిగ్గా చెయ్యలేదని ఎంతమందిని ఏడిపించాడో ఈ మనిషి!

డిపార్ట్‌మెంట్ నిండా న్యూరాలజిస్టులే. సార్ మారిపోయారని అందరూ తెగ సంబరపడుతున్నారు తప్ప, ఎందుకు మారారని ఒక్కడికీ అనుమానం రాలేదు. తగలెయ్యండి మీ డిగ్రీలు.

జూన్ 18

ఎం.ఆర్.ఐ. వచ్చింది. ముక్కుకు పైన, మెదడు ముందు భాగాలైన ఫ్రంటల్ లోబ్‌ల కింద నిమ్మకాయంత మెనింజియోమా, అంటే మెదడు పొర మీద పెరిగే గడ్డ. క్యాన్సర్ కాదు. ఏళ్లుగా మెల్లగా పెరుగుతోందట. వదిలేస్తే ముందు చూపు పోతుంది, తర్వాత ప్రాణం. తీసేస్తే మనిషి చాలావరకు మామూలైపోతాడని సర్జన్ అమ్మకు ధైర్యం చెప్పాడు.

మామూలంటే ఎలా అని అమ్మ అడిగింది.

మునుపటిలాగేనమ్మా అన్నాడు సర్జన్, ఏదో వరమిస్తున్నట్టు. అమ్మ మొహం చూడనైనా చూడలేదు మహానుభావుడు.

జూన్ 19

అమ్మ ఆపరేషన్‌కు సంతకం పెట్టనంది. నాన్ననేమో అడిగినా లాభం లేదు, అన్నిటికీ నవ్వే.

అది ప్రేమ కాదమ్మా, జబ్బు లక్షణం అన్నాను. ఫ్రంటల్ లోబ్ నొక్కుకుపోతే మనిషి స్వభావమే మారిపోతుందని క్లాసు పీకాను. ఏదైతేనేం, నాతో మాట్లాడుతున్నారు కదా అంది. కొన్నాళ్లు ఆగుదామే అని బతిమాలింది. కళ్లు పోతాయన్నాను. పోతే నేను చూసుకుంటానంది. గొంతు పెంచాను. నీకసలు బుర్రుందా అన్నాను. అచ్చం నాన్న గొంతే.

అలవాటైన గొంతు కదా, అమ్మ పెన్ను తీసుకుని సంతకం పెట్టేసింది. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

జూన్ 24

ఆపరేషన్ అయ్యాక నాన్న కళ్లు తెరిచాడు. తలకు కట్టు కట్టడం కూడా రాదా అని నర్సును దులిపేశాడు. సర్జన్ మురిసిపోయాడు. అమ్మ నాన్న చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది.