డాక్టరమ్మ కారులో కూత

జూన్ 4

ఓనరు ఇవాళ బయటపెట్టాడు. రెండో షాపు ఖాయం. ఇన్‌ఛార్జి మీ ఇద్దరిలో ఒకరే, నెలాఖరుకి చెబుతాను అన్నాడు. ఇద్దరంటే బావ, నేను. చెబుతున్నంతసేపూ బావ వైపే చూశాడు. నేను పక్కన స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడ్డాను, గోడకి కొట్టిన మేకులాగా.

పదిహేడేళ్ళు. కారు ఆడియో పనిలో నాకు తెలిసిందంతా బావ నేర్పిందే, కాదనను. అక్కని చేసుకున్న ఏడాదికే నన్ను తెచ్చి ఈ షాపులో పెట్టించాడు. అందుకే ఇక్కడ నా పేరు తోక. ఓనరు తోక అంటాడు, కస్టమర్లూ తోక అంటారు. బావ అనడు. నవ్వుతాడు. అది ఇంకా మంట.

జూన్ 7

బావకి సన్నని శబ్దాలు వినపడవు. ఈ సంగతి తెలిసింది ముగ్గురికే: అక్కకి, నాకు, చెవి డాక్టరుకి. ముప్పై ఏళ్ళు దద్దరిల్లే ఊఫర్ స్పీకర్ల పక్కన కూర్చుని టెస్టింగ్ చేస్తే ఇంకేమవుతుంది? మాటలు బాగానే వినపడతాయి. పాటా వినపడుతుంది. ఇంట్లో ఫ్రిజ్ తలుపు సరిగా పడక బీప్ బీప్‌మంటుంటే మాత్రం, దాని పక్కనే నిలబడి తాపీగా నీళ్ళు తాగుతాడు.

చలికాలంలో ఒకరోజు కారు అద్దాలు ఎత్తేసి తనే చెప్పాడు. ఒరేయ్, షాపులో తెలిస్తే ఇంక నా పని ఎవడూ నమ్మడురా, ఇకనుంచి నా చెవులు నువ్వే అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి, అప్పట్లో.

అప్పటినుంచీ పద్ధతి ఇది. బావ వెనక వైరు బిగిస్తాడు, నేను ముందు సీట్లో కూర్చుని వింటాను. స్పీకర్లో కూత పోయిందా అంటాడు. నేను పోయిందంటే పోయినట్టు.

జూన్ 11

వాన. ఓనరు బావని తీసుకెళ్ళి కొత్త షాపు చూపించాడు. నన్ను రమ్మనలేదు.

జూన్ 12, ఉదయం

పళ్ళ డాక్టరమ్మ తెల్ల కారు వచ్చింది. ఇంజన్ ఆన్ చేస్తే చాలు, స్పీకర్లలో కూత. ఆక్సిలరేటర్ తొక్కేకొద్దీ పైకి లేస్తుంది. రోజంతా క్లినిక్‌లో డ్రిల్లు మోతే, ఇంటికెళ్ళేటప్పుడూ అదే మోతైతే పిచ్చెక్కిపోతోందయ్యా అంది. పదిహేనున ఊరెళ్ళాలట, పద్నాలుగు సాయంత్రానికి కారు కావాలట. గంట పని మేడమ్, మీరు నిశ్చింతగా వెళ్ళండి అన్నాడు బావ.

నిజంగానే గంట కూడా పట్టలేదు. డిక్కీలో ఆంప్లిఫయర్ ఎర్తు వైరుని ఎవడో పెయింటు మీదే బిగించేశాడు, రేకుకి సరిగా తగలక ఆ కూత. బావ బోల్టు విప్పి, కింద రేకు మెరిసేదాకా ఉప్పు కాగితంతో రుద్ది, మళ్ళీ బిగించాడు. నేను ముందు సీట్లో ఉన్నాను. కూత పోయింది. ఎంత శుభ్రంగా పోయిందంటే షాపు రేకుల మీద వాన చినుకులు పడటం కూడా తెలుస్తోంది.

పోయిందా అన్నాడు డిక్కీలోంచి.

లేదు బావా, ఇంకా ఉంది అన్నాను.

ముందు అనుకుని అన్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

జూన్ 12, సాయంత్రం

మీటరు పెట్టి చూశాడు. ఎర్తు బ్రహ్మాండంగా ఉంది. మీటరేమో బాగుందంటోంది, నువ్వేమో కూత ఉందంటున్నావు అని కాసేపు బుర్ర గోక్కున్నాడు. తర్వాత మీటరుకి బ్యాటరీ మార్చాడు. నన్ను అనుమానించాలని తట్టనే లేదు. నవ్వాపుకోలేక బాత్రూంలోకి వెళ్ళాను.

జూన్ 13

సీట్లు విప్పాడు. కార్పెట్ ఎత్తాడు. ఆడియో కేబులూ కరెంటు వైరూ పక్కపక్కనే పోతున్నాయి, దీని వల్లే అయ్యుంటుంది అని ఒకదాన్ని అటు, ఒకదాన్ని ఇటు లాగాడు. పోయిందా అన్నాడు. ఉందన్నాను. కొంచెమైనా తగ్గిందా అన్నాడు. పెరిగినట్టుంది బావా అన్నాను. భోజనం మానేసి డోర్లు విప్పాడు. మోకాళ్ళు పట్టేసి, లేవడానికి నా భుజం పట్టుకున్నాడు. ఆ ఒక్క క్షణం చెప్పేద్దామనిపించింది. అంతలో ఓనరు అటుగా పోతూ, తోకా, పెద్దాయనకి మంచినీళ్ళివ్వరా అన్నాడు. నీళ్ళు ఇచ్చి ఊరుకున్నాను.

జూన్ 14

ఇవాళ రాయడానికి చాలా ఉంది.

నాలుగింటికి డాక్టరమ్మ వచ్చింది. కారు కారులా లేదు. డ్రైవరు సీటు తప్ప మిగతావన్నీ నేల మీద. స్టీరియో వైర్లకి వేలాడుతోంది. అయ్యో, నా కారు అంది ఆవిడ. ఓనరు పరిగెత్తుకొచ్చి ఇంజన్ ఆన్ చేసి, ఆక్సిలరేటర్ తొక్కి, పాట పెట్టి, పాట ఆపి విన్నాడు. ఆవిడా తల లోపలికి పెట్టి వింది. కూత ఏమీ లేదు కదండీ అంది.

లేని కూత కోసం ఇదంతా విప్పావా అని ఓనరు అందరి ముందూ అరిచాడు. బావ నా వైపు చూశాడు. వీడే ఉందన్నాడు అని చెప్పేస్తాడనుకున్నాను. చెబితే, మరి నీకు వినపడలేదా అని అడుగుతారు. అది తనకీ తెలుసు, నాకూ తెలుసు. నేను వైరు చుట్ట చుడుతూ నిలబడ్డాను. పొరపాటు పడ్డానండీ అన్నాడు బావ.

కారు మళ్ళీ నేనే బిగించి, ఓనరు ముందే ఒక్కో స్పీకరూ విని, ఎనిమిదింటికి అప్పజెప్పాను. పదిహేడేళ్ళలో మొదటిసారి ఓనరు నన్ను పేరు పెట్టి పిలిచాడు. పనంతా చెవిలోనే ఉందయ్యా, నీకు ఆ చెవి ఉంది అన్నాడు. కొత్త షాపు నాదే.

జూన్ 15

అక్క ఫోన్. ఎత్తలేదు.

జూన్ 17

ఎత్తాను. బావ ఇంట్లో ఏం చెప్పాడో తెలుసుకుందామని. నా గురించి ఒక్క ముక్క చెప్పలేదట. తప్పు నాదే, వయసైపోయింది అన్నాడట. అక్క ఏడ్చింది. కొత్త షాపులో నీ కిందైనా పెట్టుకోరా తమ్ముడూ, ఇంట్లో కూర్చుంటే మనిషి మిగలడు అంది. అలాగే అక్కా, నేను చూసుకుంటాను కదా అన్నాను.

సిగ్గేసింది. అన్నం తిన్నాక పోయింది.

జూలై 2

కొత్త షాపు తెరిచాం. కుర్చీ నాది. బావ సరిగ్గా పదింటికి వచ్చి నన్ను సార్ అన్నాడు. బామ్మర్దిని సార్ అనడమేంటి బావా అన్నాను. తను వెళ్ళి టూల్ బాక్స్ తీశాడు.

జూలై 3

మొదటి కారు. అదే జబ్బు. బావ ఎర్తు రుద్ది బిగించాడు. నేను ముందు సీట్లో ఉన్నాను. కూత పోయింది. ఈసారి నిజమే చెబుదామని నోరు తెరిచాను.

బావ నన్ను అడగలేదు. రోడ్డు మీదికెళ్ళి, కూరగాయల సంచీతో పోతున్న ఎవరో ఆవిడని ఆపాడు. అమ్మా, నాకు చెవులు సరిగా వినపడవు, ఒక్క నిమిషం ఇందులో కూర్చుని కూత ఉందో పోయిందో చెప్పి వెళ్ళండి అన్నాడు. వీధంతా వినపడేంత గట్టిగా.

తర్వాత నా దగ్గరికొచ్చి, సార్, ఆవిడకి సీటు కావాలి, కాస్త దిగండి అన్నాడు.

దిగాను.