పొగగొట్టానికి తగిలిన ఇంజన్ మూత

ఈశ్వరీ,

మన అరబ్బు యజమాని బాబా సొంతానికి కడుతున్న విమానం ఇంజన్ మూత మిద్దె మీద ఆరుతోంది. పొద్దున వేసిన ఫైబర్ పొర ఇంకా పచ్చిగానే ఉంది, బాబా పిల్లల్ని ముట్టనివ్వకు. నా చొక్కాను వాళ్ళ బట్టల్లో కలపకు, గాజు నూగుకు దురద పుడుతుంది. జిగురు అయిపోయింది, కొనడానికి షువైఖ్ బజారుకు పోతున్నాను.

నిన్న మూత బిగించి చూశాం. బాబా నా భుజం తట్టి, "ఖలాస్! గురువారం మీరిద్దరూ ఊరికి పోండి" అన్నాడు. కానీ లోపల అది పొగగొట్టానికి తగులుతోంది. ఆయన చూడలేదు, నేను చూశాను. పైకి పోయాక ఆ వేడికి నిప్పంటుకుంటే అందులో ఉండేది ఆయనే కదా. చెప్పేశాను. కోసి మళ్ళీ పొరలు వేయడానికి రెండు వారాలు పడుతుంది.

"గమ్మున ఉండలేకపోతివా" అంటావు. ఉండలేకపోయాను. ఇప్పుడు వాదించే ఓపిక కూడా లేదు.

మన పెద్దదాని కాన్పుకు గురువారం నువ్వొక్కదానివే పో. బాబా భార్య మామాను అడిగాను, సరేనంది. కోపమొస్తే తిట్టు, మాట్లాడకుండా మాత్రం పోవద్దు.

ఓబులేసు

బిడ్డ పుట్టగానే నాకు ఫోన్ చేసి దాని నోటి దగ్గర పెట్టు. ఏడుపు వింటాను.