జానెడు పైకి

అక్కా,

నువ్వు పోయాక ఈయన్ని చేసుకున్నదాన్ని. నిన్ను ఇలా పిలవడం ఇదే మొదటిసారి, మనసొప్పి మాత్రం కాదు.

మన అమీర్‌పేట ఇంటికి నీ చెక్క కిటికీలు తీయించి, దోమల జాలీలతో కొత్తవి పెట్టించాం. పంజాగుట్ట షాపులో రంగు, అద్దం, జాలీ అన్నీ నేనే ఎంచాను. ఆయన దేనికీ కాదనలేదు. కొలతలకు వచ్చిన మిస్త్రీ, "సార్, గడియ ఎంత ఎత్తుల పెట్టాలె?" అని అడిగాడు. ఆయన ఆలోచించకుండా నడుం దగ్గర చెయ్యి ఆనించి, "గీడ పెట్టు" అన్నారు.

మిస్త్రీ నవ్వాడు. "గంత కిందికెందుకు సార్? మీరిద్దరు మస్తు పొడుగున్నరు గదా!"

పాత గడియలన్నీ పొట్టిదానివైన నీ ఎత్తుకు పెట్టించినవని అప్పుడర్థమైంది. ఇన్నేళ్లూ ఆయన వంగింది నీ కోసం. వంగి వంగి నా నడుం నొచ్చింది కూడా నీ కోసమే. ఒళ్లు మండింది.

"జానెడు పైకి పెట్టన్నా," అన్నాను.

నిన్న కిటికీలు బిగించారు. సాయంత్రం దోమలు రాకముందే జాలీ మూయడానికి ఆయన లేచారు. కొత్త గడియ ఛాతీకి ఎదురుగానే ఉంది.

అయినా వంగారు, అక్కా.